సర్వర్ క్యూలు అదుపు తప్పకుండా ఉండాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఫీజు కట్టడానికి చివరి రోజు సాయంత్రం సైటు నెమ్మదించిందంటే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట "ర్యామ్ పెంచుదామా?" రెండో మాట "క్లౌడ్‌కు పోదామా?" కర్నూలు, అనంతపురం, కడప వైపు కాలేజీలకూ ఆసుపత్రులకూ సొసైటీలకూ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న ఆఫీసుల్లో చాలావరకు ఇదే వరస. డబ్బు పెట్టకముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. వచ్చిన పనిని ఏ క్రమంలో చేస్తున్నాం? ఎంత పనిని లోపలికి రానిస్తున్నాం? అదే మెషీన్, అదే లోడ్ పెట్టుకుని ఒక్క క్రమం మారిస్తే చాలు, నాలుగు నిమిషాల్లో ఖాళీ కావాల్సిన క్యూ ఎప్పటికీ పెరుగుతూనే పోతుంది. కింద లెక్క కట్టి చూపిస్తాను.

ఇది రెండు రకాల వాళ్ల కోసం రాస్తున్నాను. ఒకరు నిజంగా సర్వర్లు చూసుకునేవాళ్లు. ఇంకొకరు క్యూయింగ్ నెట్‌వర్క్‌ల మీద ప్రాజెక్టు తీసుకుని ఏ పద్ధతి పట్టుకోవాలో తేల్చుకోలేకపోతున్న ఎంటెక్ పిల్లలు. ఇద్దరికీ సలహా ఒకటే కాదు. తేడా వచ్చిన చోట చెబుతాను.

ముందు రెండు లెక్కలు

మొదటిది 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం. సెకనుకు సగటున ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో, ఒక్కోటి లోపల ఎంతసేపు ఉంటోందో, ఆ రెండూ గుణిస్తే లోపల సగటున ఎన్ని ఉన్నాయో వస్తుంది. సెకనుకు 20 వచ్చి, ఒక్కోటి 1.5 సెకన్లు ఉంటే లోపల 30 ఉన్నట్టు. మీ కనెక్షన్ పూల్ (డేటాబేస్‌తో ఒకేసారి తెరిచి ఉంచే లైన్లు) 10 అయితే మిగతా 20 ఎక్కడో నిలబడే ఉన్నాయి, మీకు కనిపించకపోవచ్చు అంతే. ఈ సూత్రానికి ఏ క్రమమైనా, ఎలాంటి రాకలైనా ఫర్వాలేదు. అందుకే దీన్ని గట్టిగా నమ్మవచ్చు.

రెండోది లోడ్‌కూ ఆలస్యానికీ ఉన్న సంబంధం. లోడ్ అంటే, వచ్చే పని చేయగల పనిలో ఎంత శాతమో అది. రాకలు యాదృచ్ఛికంగా ఉండి, సర్వర్ ఒక్కటే అయి, పని సమయాలు ఘాతీయ (ఎక్స్‌పొనెన్షియల్) పంపిణీలో, అంటే ఎక్కువ పనులు చిన్నవిగా, కొన్ని మాత్రం బాగా పెద్దవిగా ఉన్నాయనుకుందాం. లోడ్ 50 శాతం దగ్గర ఒక రిక్వెస్ట్ పూర్తవడానికి అసలు పనికి పట్టే సమయానికి 2 రెట్లు పడుతుంది. 80 దగ్గర 5 రెట్లు, 90 దగ్గర 10 రెట్లు, 95 దగ్గర 20 రెట్లు. 80 నుంచి 90కి పోతే పని పెరిగింది కొంచెమే, ఎదురుచూపు మాత్రం రెట్టింపు. వంద దాటితే ఇక రెట్ల లెక్కే లేదు, క్యూ ఆగకుండా పెరుగుతుంది.

ఒక్క క్యూ అయితే కథ ఇక్కడితో అయిపోతుంది: లోడ్ వందకు లోపు ఉంటే నిలకడ (అంటే క్యూ హద్దు లేకుండా పెరగదు), లేకపోతే లేదు. చాలా సిలబస్‌లు కూడా ఇక్కడే ఆగిపోతాయి. కొంచెం ముందుకు పోతే, ఒక క్యూలో పని అయినవి ఇంకో క్యూకు పోయే 1957 నాటి జాక్సన్ నెట్‌వర్క్‌లు, 1975లో బాస్కెట్, చాందీ, మంట్జ్, పలాసియోస్ కలిసి ఇచ్చిన ఫలితం వస్తాయి. వాటి షరతులకు లోబడితే నెట్‌వర్క్‌లోని ఒక్కో స్టేషన్‌ను (పని జరిగే చోటును) విడివిడిగా లెక్కగట్టుకోవచ్చు. ప్రతి స్టేషన్ లోడ్ వందకు లోపుంటే నెట్‌వర్క్ మొత్తం నిలబడుతుంది. ఇది ఎంత సుఖమైన ఫలితమంటే, దాని షరతులు ఏమిటో చాలామంది మరిచిపోతారు.

రెండూ డెబ్బై శాతమే, అయినా క్యూ పెరుగుతోంది

ఓ కాలేజీ ఫీజు సైటు ఉందనుకుందాం. ప్రతి రిక్వెస్టుకూ నాలుగు అంచెలు. ఒకటి, యాప్ సర్వర్ ఫారం తీసుకుంటుంది: 0.1 సెకను. రెండు, డేటాబేస్ పాత బకాయిలన్నీ వెతుకుతుంది: 0.6 సెకను. మూడు, అదే డేటాబేస్ చెల్లింపు నమోదు చేస్తుంది: 0.1 సెకను. నాలుగు, మళ్లీ యాప్ సర్వర్ రసీదు పీడీఎఫ్ తయారుచేస్తుంది: 0.6 సెకను. సెకనుకు ఒక రిక్వెస్ట్ వస్తోంది. యాప్ సర్వర్ లోడ్ 0.1కి 0.6 కలిపితే 70 శాతం. డేటాబేస్ కూడా 70 శాతమే.

ఇప్పుడు ఒక మంచి ఉద్దేశంతో ప్రయారిటీ పెట్టారు. "డబ్బు కట్టినవాడికి రసీదు ముందు ఇచ్చి పంపేద్దాం" అని యాప్ సర్వర్‌లో నాలుగో అంచెకు మొదటి స్థానం ఇచ్చారు. "వెతుకులాట ఆలస్యమైతే స్క్రీన్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది" అని డేటాబేస్‌లో రెండో అంచెకు మొదటి స్థానం ఇచ్చారు. విడివిడిగా చూస్తే రెండు నిర్ణయాల్లోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఒక క్షణంలో 100 మంది ఒకేసారి వచ్చారనుకోండి. యాప్ సర్వర్ సెకనుకు 10 చొప్పున ఫారాలు తీసుకుని డేటాబేస్ మీద పడేస్తుంది. డేటాబేస్ వెతుకులాటలే చేస్తూ ఉంటుంది, నమోదు జోలికి పోదు. ఈలోగా సెకనుకు ఒకరు కొత్తగా వస్తూనే ఉన్నారు. వెతుకులాటలన్నీ తీరేసరికి 150 సెకన్లు గడుస్తాయి. అప్పటికి 250 రిక్వెస్టులు మూడో అంచె ముందు పోగుపడి ఉంటాయి. ఇంతసేపూ ఆగి ఉన్న మూడో అంచె ఇప్పుడు తెరుచుకుని సెకనుకు 10 చొప్పున యాప్ సర్వర్ వైపు తోస్తుంది. యాప్ సర్వర్ రసీదుల్లో పడిపోతుంది. 250 రసీదులు, ఒక్కోటి 0.6 సెకను, మొత్తం 150 సెకన్లు. ఆ సేపంతా కొత్త ఫారాలను ముట్టుకోదు. రసీదులు పూర్తయ్యేసరికి గుమ్మం ముందు 150 మంది ఉంటారు.

100తో మొదలై ఐదు నిమిషాల్లో 150. తర్వాతి చుట్టులో 225. ఆ తర్వాత 337. ప్రతి చుట్టూ ఒకటిన్నర రెట్లు. చుట్టు నిడివి కూడా అంతే పెరుగుతుంది: ఐదు నిమిషాలు, ఏడున్నర, పదకొండుంపావు.

ఈ లెక్క బోర్డు మీద వేస్తే నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగిన ప్రశ్న సరిగ్గా అందరూ అడిగేదే: "అన్నా, రెండూ డెబ్బై దాటలేదు గదా, మరి యాడ ఇరుక్కుంటాంది?" ఇరుక్కునే చోటు ఏ ఒక్క సర్వర్‌లోనూ లేదు. ఈ ప్రయారిటీల వల్ల రెండో అంచె, నాలుగో అంచె ఎప్పుడూ ఒకేసారి నడవలేవు. ఒకటి నడుస్తుంటే రెండోదానికి పని అందదు. అంటే ఆ రెండూ వేర్వేరు మెషీన్లలో ఉన్నా ఒకే కనిపించని సర్వర్‌ను పంచుకుంటున్నట్టే. దాని లోడ్ 0.6కి 0.6 కలిపి 120 శాతం. సీపీయూ గ్రాఫ్‌లో చూస్తే యాప్ సర్వర్ కాసేపు నిండుగా, కాసేపు దాదాపు ఖాళీగా ఉంటుంది. డేటాబేస్ దానికి ఎదురు. సగటు తీసుకుంటే ఏమీ తెలియదు.

ఈ నిర్మాణాన్ని లూ, పి.ఆర్. కుమార్ 1991లో చూపించారు. కుమార్ ఐఐటీ మద్రాసులో చదివినవారే. అంతకుముందు ఏడాది సైడ్‌మన్‌తో కలిసి ఇలాంటిదే ఇంకొకటి చూపారు. రిబ్కో, స్టోల్యార్ 1992లో ఇంకో రూపం ఇచ్చారు. అప్పట్లో వాళ్ల మనసులో ఉన్నది సెమీకండక్టర్ ఫ్యాక్టరీలు. అక్కడ ఒకే వేఫర్ (చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక) ఒకే మెషీన్ దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. ఇవాళ్టి వెబ్ అప్లికేషన్లలోనూ ఒక రిక్వెస్ట్ డేటాబేస్‌కు పోయి, వచ్చి, మళ్లీ పోతుంది కాబట్టి ఆ బొమ్మ మనకూ అతుకుతుంది.

మందు చాలా చవక. డేటాబేస్‌లో రెండో అంచెకు బదులు మూడో అంచెకు ప్రయారిటీ ఇస్తే చాలు. అప్పుడు రెండు చోట్లా "చివరి అంచె ముందు" అనే నియమమే అవుతుంది. ఒకే దారిలో పోయే ఇలాంటి లైన్లకు ఆ నియమం నిలకడగా ఉంటుందని దాయ్, వైస్ 1996లో నిరూపించారు. మన లెక్కలో అదే 100 మంది గుంపు సుమారు నాలుగు నిమిషాల్లో కరిగిపోతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

క్రమం విషయంలో నాలుగు దారులు

ముందొచ్చినవాడికి ముందు (ఫైఫో) అనేది అందరికీ తెలిసిన దారి. న్యాయంగా కనిపిస్తుంది, రాయడం సులువు, డీబగ్ చేయడం సులువు. ఒక స్టేషన్‌లో జరిగే పనులన్నిటికీ సగటు సమయం దాదాపు ఒకటే అయితే నెట్‌వర్క్‌లో కూడా దీన్ని నమ్మవచ్చు. పని సమయాల్లో బాగా తేడా ఉంటే మాత్రం గ్యారంటీ లేదు. మౌరీ బ్రామ్సన్ 1994లో చూపిన ఉదాహరణల్లో ప్రతి స్టేషన్ లోడ్ చాలా తక్కువగా ఉన్నా ముందొచ్చినవాడికి ముందు పద్ధతిలో క్యూలు అదుపు తప్పుతాయి. వాటిలో పని ఒకే స్టేషన్‌కు చాలాసార్లు తిరిగొస్తుంది కాబట్టి మన ఫీజు సైటుకు ఆ భయం అక్కర్లేదు. కానీ "ఫైఫో అయితే ఏ గొడవా ఉండదు" అని ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే ఎగ్జామినర్ పట్టుకుంటాడు.

అందరికీ సమంగా పంచడం రెండో దారి. ఉన్న రిక్వెస్టులన్నిటికీ సీపీయూ కొంచెం కొంచెం ఇస్తూ పోవడం. ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్లను (పక్కపక్కనే నడిచే పనులను) నడిపించే తీరు దాదాపు ఇదే, అంటే మీరు ఎంచుకోకపోయినా చాలావరకు ఇదే నడుస్తూ ఉంటుంది. దీని గొప్ప గుణం ఏమిటంటే, 1975 నాటి ఆ ఫలితం దీనికి వర్తిస్తుంది. రాకలు యాదృచ్ఛికంగా ఉన్నంతవరకు పని సమయాల పంపిణీ ఎలా ఉన్నా సగటు చాలు, ప్రతి స్టేషన్ లోడ్ వందకు లోపు ఉంటే నిలబడుతుంది. పెద్ద రిపోర్టు ఒకటి మధ్యలో దూరితే చిన్నవన్నీ దాని వెనక ఆగిపోవు. థ్రెడ్లు వందల్లోకి పోతే మాత్రం మెమరీ నిండి, ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి మారడానికే సమయం పోయి, లెక్కలో లేని ఖర్చు మొదలవుతుంది. కాబట్టి సమంగా పంచండి, ఎంతమందికి పంచాలో పరిమితి పెట్టండి.

ఎవరి పని చిన్నదో వాళ్లకు ముందు అనేది మూడోది. మిగిలిన పని ఎవరిది తక్కువో వాళ్లను ముందు నడిపితే ఒక్క సర్వర్ మీద సగటు ఆలస్యం అన్నిటికంటే తక్కువగా ఉంటుందని ష్రేగ్ 1968లో నిరూపించాడు. వినడానికి బాగుంటుంది. పని ఎంత పెద్దదో ముందే తెలియాలి కదా, అదే చిక్కు. ఫైలు పంపడం లాంటి చోట సైజు తెలుసు కాబట్టి వాడుకోవచ్చు. డేటాబేస్ క్వెరీ విషయంలో నేనైతే దీని జోలికి పోను.

నాలుగోది స్థిరమైన ప్రయారిటీలు. ఆలస్యమైతే ఎంత నష్టమో, ఎంత త్వరగా పూర్తవుతుందో, ఆ రెండిటి లబ్ధం ఎక్కువున్న పనికి ముందు అనే నియమం ఒక్క సర్వర్‌కు ఉత్తమమని 1961 నుంచీ తెలుసు. దాన్ని నెట్‌వర్క్‌కు తెచ్చేటప్పుడే ప్రమాదం. పైన చూసింది అదే. ఒకే రిక్వెస్ట్ తిరిగొచ్చే చోట రెండు టీములు వేర్వేరుగా ప్రయారిటీలు పెట్టుకుంటే, ఏ రెండు అంచెలు ఒకదానికొకటి పని ఆపుతున్నాయో కాగితం మీద వేసి, వాటి లోడ్ల మొత్తం చూసుకోండి. అది వంద దాటితే ఆ ప్రయారిటీ వద్దు.

క్యూ పొడవు చూసి నిర్ణయించే పద్ధతి

1992లో టాసియూలస్, ఎఫ్రెమిడెస్ ఇంకో దారి చూపారు. ఏ అంచె నడపాలో ముందే నిర్ణయించకుండా, ఆ క్షణంలో క్యూల పొడవులు చూసి నిర్ణయించడం. ఒక్కో అంచెకూ తన క్యూలోంచి తర్వాతి అంచె క్యూను తీసివేసి, దాన్ని ఆ పని వేగంతో గుణిస్తారు, అంటే పని సమయంతో భాగిస్తారు. ఎక్కువ వచ్చినదాన్ని నడుపుతారు. తర్వాతి అంచె ఖాళీగా, నా క్యూ నిండుగా ఉంటే తోస్తాను. తర్వాతి అంచెలోనే జనం ఉంటే ఆగుతాను.

మన డేటాబేస్ దగ్గరే పెట్టి చూద్దాం. రెండో అంచె ముందు 40, మూడో అంచె ముందు 30, నాలుగో అంచె ముందు 2 ఉన్నాయి. రెండో అంచె విలువ 40లోంచి 30 తీసేసి 0.6తో భాగిస్తే సుమారు 17. మూడో అంచెది 30లోంచి 2 తీసేసి 0.1తో భాగిస్తే 280. మూడోదే నడుస్తుంది. ఆ పాత ప్రయారిటీ ఇరుకు ఇక్కడ రాదు. ఎందుకంటే మూడో అంచె ముందు పోగుపడే కొద్దీ దాని విలువ తనంతట తానే పెరుగుతుంది. ఏ పద్ధతైనా సరే నిలబెట్టగలిగిన లోడ్‌ను ఇదీ నిలబెడుతుంది. పైగా రాకల రేటు ఎంతో ముందుగా తెలియాల్సిన పనిలేదు. సిద్ధాంతంలో దీన్ని మించింది లేదన్నా తప్పులేదు.

మరి అందరూ ఎందుకు వాడరు? ఒకటి, ప్రతి అంచెకూ తర్వాతి క్యూ పొడవు తెలియాలి. వేరే కంపెనీ పేమెంట్ గేట్‌వే తన క్యూ ఎంతుందో మీకు చెప్పదు. రెండు, నిలకడ ఇస్తుంది గానీ ఆలస్యం తక్కువ ఉంటుందని మాట ఇవ్వదు. ముఖ్యంగా దారి కూడా ఇదే ఎంచుకునే నెట్‌వర్క్‌లలో, లోడ్ తక్కువున్నప్పుడు ప్యాకెట్లు (డేటా ముక్కలు) అక్కడక్కడే తిరుగుతాయి. ఒకరితో ఒకరు ఢీకొనే వనరులు ఉన్నచోట, అంటే వైర్‌లెస్ లింకుల్లో, రౌటర్ లోపలి స్విచ్‌లలో ఇది బంగారం. ఇన్‌పుట్ దగ్గర ఒకే వరస ఫైఫో పెట్టిన పెద్ద స్విచ్ 58.6 శాతం దగ్గరే ఆగిపోతుందని 1987లో తేలింది. అదే స్విచ్‌లో క్యూలు విడగొట్టి ఈ తరహా నిర్ణయం పెడితే వంద శాతం వరకు లాగవచ్చని తర్వాత మెక్‌కియోన్ తదితరులు చూపారు.

ఎంటెక్ ప్రాజెక్టుకు ఒక్కటి తీసుకోమంటే ఇదే తీసుకోమంటాను. గణితం శుభ్రంగా ఉంటుంది, సిమ్యులేషన్‌లో తేడా కళ్లకు కనిపిస్తుంది. కాలేజీ ఫీజు సైటుకు మాత్రం అక్కర్లేదు.

సర్వర్లు ఒకటికి మించి ఉంటే

రెండు సర్వర్లు కొన్నవాళ్లు మొదట చేసే పని కర్నూలు పిల్లలు ఒకదానికి, నంద్యాల పిల్లలు ఇంకోదానికి అని విడగొట్టడం. అలా చేయకండి. లోడ్ 80 శాతం ఉంటే విడివిడి క్యూల్లో పని సమయానికి 5 రెట్లు పడుతుంది. అదే రెండిటికీ కలిపి ఒకే క్యూ పెడితే 2.8 రెట్లే.

ఒకే క్యూ కుదరకపోతే, వచ్చిన రిక్వెస్టును ఎటు పంపాలన్నది ప్రశ్న. యాదృచ్ఛికంగా పంపడం, వంతులవారీగా పంపడం, అన్నిటికంటే చిన్న క్యూకు పంపడం, యాదృచ్ఛికంగా రెండిటిని చూసి వాటిలో చిన్నదానికి పంపడం. చివరిది నాకు ఇష్టం. సర్వర్లు చాలా ఉండి లోడ్ 90 శాతం ఉంటే, గుడ్డిగా పంపినప్పుడు ఒక సర్వర్ దగ్గర ఐదుగురు లేదా అంతకుమించి ఉండే అవకాశం 59 శాతం. రెండు చూసి పంపితే అది 4 శాతం లోపు. 1996లో రష్యాలో వ్వెదెన్స్కాయ బృందం, అమెరికాలో మిట్జెన్‌మాకర్ విడివిడిగా తేల్చిన విషయమిది. మూడు, నాలుగు చూసినా అదనంగా వచ్చే లాభం కొంచెమే.

అన్నిటికంటే చిన్న క్యూ అనేది కాగితం మీద ఇంకా మేలు. కానీ క్యూ పొడవుల సమాచారం కొన్ని సెకన్లు పాతదైతే అందరూ ఒకేసారి "ఖాళీగా ఉన్న" ఒకే సర్వర్ మీద పడతారు, కాసేపటికి ఇంకోదాని మీద. సర్వర్లు రెండో మూడో ఉండి, లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) ఒక్కటే అయితే చిన్న క్యూ పద్ధతి పెట్టుకోండి. బ్యాలెన్సర్లే రెండు మూడు ఉంటే రెండు చూసే పద్ధతి మంచిది.

సర్వర్లను ఆటోమేటిక్‌గా పెంచుకోవడం గురించి ఒక చిన్న లెక్క. సామర్థ్యం సెకనుకు 100, రాకలు 150. కొత్త మెషీన్ లేవడానికి 4 నిమిషాలు. ఈలోగా 12,000 రిక్వెస్టులు పోగవుతాయి. సామర్థ్యం 200 అయ్యాక అవి కరగడానికి ఇంకో 4 నిమిషాలు. ఆ మధ్యలో జనం రిఫ్రెష్ కొట్టరనుకుంటేనే ఈ లెక్క. పైగా యాప్ సర్వర్లు పెంచితే ఆ బరువంతా పోయి డేటాబేస్ మీద పడుతుంది. హైదరాబాద్‌లో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) రీజియన్ 2022 నవంబరులో వచ్చాక మనకు దగ్గరే అనిపించి చాలామంది ఇటు మొగ్గుతున్నారు. తప్పులేదు. అయితే గుమ్మం దగ్గర కాపలా లేకుండా ఇది ఒంటరిగా పనిచేయదు.

గుమ్మం దగ్గర ఆపడం

పైన చెప్పిన పద్ధతులన్నీ ఒక ఊహ మీద నిలబడ్డాయి: వచ్చే పని సామర్థ్యం లోపే ఉంటుందని. రిజల్ట్స్ వచ్చే రాత్రి అది అబద్ధం. అప్పుడు క్రమం ఏదైనా ఒకటే, రానివ్వడాన్ని అదుపు చేస్తేనే నిలకడ. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి సీజను చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. సరుకు పోటెత్తినప్పుడు గేటు దగ్గరే ఆపకపోతే లోపల వేలం ప్లాట్‌ఫాం దగ్గర బండి కదలడానికి కూడా జాగా ఉండదు. అప్పుడు అమ్ముడైన సరుకు కూడా బయటికి పోలేదు.

సర్వర్‌లో జరిగేది ఇంతకన్నా ఘోరం. సెకనుకు 100 తీర్చగలిగే సర్వర్ ముందు 6,000 రిక్వెస్టులు నిలబడ్డాయి. అంటే 60 సెకన్ల ఎదురుచూపు. బ్రౌజర్ ముందున్నవాడు 30 సెకన్లకే విసిగి రిఫ్రెష్ కొడతాడు. పాత రిక్వెస్ట్ క్యూలోనే ఉంది, కొత్తది చివర చేరింది. సర్వర్ ఒక నిమిషం తర్వాత పాతదాన్ని శ్రద్ధగా తీర్చి జవాబు పంపితే తీసుకునేవాడు లేడు. సీపీయూ వంద శాతం, ఎవరికైనా ఉపయోగపడ్డ పని సున్నా. పైగా రాకలు తగ్గినా ఇది తనంతట తాను తేరుకోదు. ఎందుకంటే ఆలస్యమే కొత్త రాకలను పుట్టిస్తోంది. నిలకడ పోవడమంటే అచ్చంగా ఇదే.

ఇంటర్నెట్ కూడా ఈ దెబ్బ తిన్నదే. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్లీ ల్యాబ్‌కూ పక్కనే నాలుగు వందల గజాల దూరంలో ఉన్న యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. పోయిన ప్యాకెట్లను అందరూ మళ్లీ మళ్లీ పంపడం దీన్ని ఇంకా ముదరబెట్టింది. 1988లో వాన్ జేకబ్సన్ చెప్పిన మందు, పంపేవాడే వెనక్కి తగ్గడం. నేటికీ టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి) ఆ ఆలోచన మీదే నడుస్తోంది.

మనకు అందుబాటులో ఉన్న దారులు ఇవి. క్యూకు పరిమితి పెట్టడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ముందు చేయాల్సింది. ఎంత పెట్టాలన్నది లిటిల్ సూత్రమే చెబుతుంది. 5 సెకన్లకు మించి ఎవరూ ఆగరనుకుంటే, 100ను 5తో గుణించి 500. అది దాటి వచ్చినవాడికి వెంటనే "రద్దీగా ఉంది, రెండు నిమిషాల తర్వాత రండి" అని చెప్పడం. కటువుగా అనిపిస్తుంది. కానీ లోపలికి వచ్చిన 500 మందికైనా పని జరుగుతుంది. చాలా ఫ్రేమ్‌వర్క్‌లలో డిఫాల్ట్‌గా క్యూకు హద్దు ఉండదు, ఉన్నా చాలా పెద్దది ఉంటుంది. ముందు ఆ సెట్టింగ్ వెతకండి.

క్యూ పొడవు కాకుండా ఎదురుచూసిన సమయం చూసి ఆపడం ఇంకొంచెం తెలివైన పద్ధతి. నెట్‌వర్క్ రౌటర్ల కోసం నికోల్స్, జేకబ్సన్ 2012లో తెచ్చిన కోడెల్ ఇలాంటిదే. ప్యాకెట్ల ఎదురుచూపు 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల కిందికి దిగకుండా ఉంటే కొన్నిటిని పారేయడం మొదలుపెడుతుంది. పని వేగం గంటగంటకూ మారే చోట ఇది మేలు. ఎందుకంటే 500 మంది అనేది ఎప్పుడు ఎంతసేపో పొడవు చూస్తే తెలియదు.

రద్దీలో మాత్రం చివరొచ్చినవాడికి ముందు ఇవ్వడం మూడోది. వినగానే అన్యాయం అనిపిస్తుంది. ముందొచ్చినవాడు ఎప్పుడో రిఫ్రెష్ కొట్టి చివరికి చేరాడు కాబట్టి ఇప్పుడు చివర ఉన్నదే అతని బతికున్న రిక్వెస్ట్. చదివి చూడటానికి మాత్రమే వచ్చే పేజీలకు, రిజల్ట్స్ లాంటివాటికి దీన్ని పెట్టుకోవచ్చు. డబ్బు కట్టే చోట వద్దు. అక్కడ వరస మారితే ఫోన్లు మోగుతాయి.

రీట్రైల విషయం చాలామంది వదిలేస్తారు. మొబైల్ యాప్ మూడుసార్లు ప్రయత్నిస్తుంది, మధ్యలోని సర్వర్ మూడుసార్లు, డేటాబేస్ లైబ్రరీ ఇంకో మూడుసార్లు. కింద ఒక్క తప్పు జరిగితే 27 ప్రయత్నాలు. రీట్రై ఒక్క అంచెలోనే ఉంచండి. ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేయండి, అందులో కొంచెం యాదృచ్ఛికం కలపండి. అందరూ సరిగ్గా 2 సెకన్ల తర్వాతే తిరిగొస్తే గుంపు అలాగే ఉంటుంది.

ఒక్కటే పెట్టే ఓపిక ఉంటే క్యూ పరిమితి. రెండు అయితే రీట్రై అదుపు. ఆ రెండూ లేకుండా ప్రయారిటీలు, కొత్త సర్వర్లు, క్లౌడ్ గురించి మాట్లాడుకోవడం నాకు టైం దండగ అనిపిస్తుంది.

నిలకడ ఉందో లేదో తేల్చుకోవడం

ఎంచుకున్నది పనిచేస్తుందో లేదో చూడటానికి కూడా దారులు వేర్వేరు, తప్పు దారి పడితే తప్పు ధైర్యం వస్తుంది. సగటు విలువల విశ్లేషణ, అంటే 1980లో రైజర్, లావెన్‌బర్గ్ ఇచ్చిన పద్ధతి, స్థిరపడిన నెట్‌వర్క్‌కు సంఖ్యలు చకచకా ఇస్తుంది. కానీ పైన చూసిన ప్రయారిటీ ఇరుకును అది పట్టుకోదు. దాని ఊహల్లో ఆ ఇరుకుకు చోటే లేదు.

నేను 100, 150, 225 అని వేసిన లెక్క ఫ్లూయిడ్ నమూనా. రిక్వెస్టులను విడివిడిగా కాకుండా నీళ్లలా ప్రవహిస్తున్నట్టు లెక్కగట్టడం. ఆ ప్రవాహం ఎక్కడి నుంచి మొదలైనా పరిమిత సమయంలో ఖాళీ అయితే అసలు నెట్‌వర్క్ కూడా నిలకడగా ఉంటుందని దాయ్ 1995లో నిరూపించారు. కాగితం, పెన్ను చాలు. ప్రాజెక్టుకు ఇంకా గట్టి నిరూపణ కావాలంటే ల్యాపునోవ్ ఫంక్షన్ల వైపు పోవచ్చు. క్యూ పొడవుల వర్గాల మొత్తం తీసుకుని, క్యూలు పెద్దవైనప్పుడు అది సగటున తగ్గుతుందని చూపడం.

సిమ్యులేషన్‌కు జావా మోడలింగ్ టూల్స్ ఉచితం, బొమ్మ గీసి నడపవచ్చు. పైథాన్ వచ్చినవాళ్లు సిమ్‌పై వాడుకోవచ్చు. ఒక జాగ్రత్త. ఖాళీ క్యూలతో మొదలుపెట్టి పది నిమిషాలు నడిపి "నిలకడగా ఉంది" అని రాయకండి. ఒక అంచె ముందు వెయ్యి పెట్టి మొదలుపెట్టండి. నిలకడ ఉంటే దిగుతుంది. తర్వాత ఇంకో అంచె ముందు వెయ్యి పెట్టి చూడండి.

అసలు సర్వర్ మీద లోడ్ టెస్ట్ చేసేవాళ్లు పట్టించుకోవాల్సిన తేడా ఒకటుంది. జేమీటర్ అనే లోడ్ టెస్ట్ సాధనంలో మామూలుగా 60 థ్రెడ్లు పెట్టి నడిపితే, ఒక్కో థ్రెడ్ జవాబు వచ్చేదాకా ఆగి అప్పుడు తర్వాతి రిక్వెస్ట్ పంపుతుంది. సర్వర్ నెమ్మదిస్తే రాకలూ నెమ్మదిస్తాయి. క్యూ ఎప్పుడూ 60 దాటదు. 60 కంప్యూటర్ల ల్యాబులో ఆన్‌లైన్ పరీక్షకైతే ఆ టెస్ట్ సరైనదే, అక్కడ నిజంగానే 60 మందే ఉంటారు. ఊరు మీద జనం వచ్చే సైటుకు అది అబద్ధం చెబుతుంది. మీ సర్వర్ ఆలస్యమైందని ఆదోనిలో ఉన్నవాడు లాగిన్ కావడం మానడు. దానికి జేమీటర్‌లో ఓపెన్ మోడల్ థ్రెడ్ గ్రూప్ గానీ, కె6 అనే ఇంకో సాధనంలో స్థిరమైన రాకల రేటు సెట్టింగ్ గానీ వాడండి.

టెస్ట్ ఇలా చేయండి: సామర్థ్యంలో 70 శాతం రేటుతో పది నిమిషాలు, తర్వాత 150 శాతంతో ఐదు నిమిషాలు, మళ్లీ 70 శాతానికి దించండి. దించాక ఎదురుచూపు సమయం మొదటి పది నిమిషాల స్థాయికి తిరిగి రావాలి. రీట్రైలు, రిఫ్రెష్‌లు కూడా టెస్టులో కలిపి ఉండాలి, లేకపోతే టెస్ట్ పాసై సైటు పడిపోతుంది. తిరిగి రాకపోతే క్యూ పరిమితిని సగానికి తగ్గించి మళ్లీ నడపండి. అప్పటికీ రాకపోతే ప్రయారిటీలన్నీ తీసేసి చూడండి.